విభాగం 7: ఒక టికెట్టు, ఎందరు అతిథులు? – విమానాశ్రయ లౌంజ్ ఒక క్లబ్ వస్తువుగా

7.0 ఉద్దేశం

ఈ విభాగం చదివిన తరువాత, విమానాశ్రయ లౌంజ్‌లోకి అతిథిని వెంట తీసుకుపోయే హక్కు ఎవరికి ఉంటుందో, ఎవరికి ఉండదో, ఆ తేడాకు ఆర్థిక కారణం ఏమిటో మీరు వివరించగలగాలి. ప్రజా వస్తువులకు, ప్రైవేటు వస్తువులకు మధ్య తేడా మీకు ఇదివరకే తెలుసు. వీధి దీపం వెలుగు అందరిదీ. మీరు కొన్న అరటిపండు మీ ఒక్కరిది. ఈ రెండింటికీ నడుమ ఉండే వస్తువులనూ, సేవలనూ ఆర్థికశాస్త్రం క్లబ్ వస్తువులు అంటుంది. లౌంజ్ అలాంటిదే. మీలో చాలామంది లౌంజ్‌లో అడుగుపెట్టి ఉండకపోవచ్చు. దానివల్ల ఇబ్బంది లేదు. పెళ్ళిలో భోజనాల లెక్క, రైల్వే ప్లాట్‌ఫారం టికెట్టు తెలిసినవారికి ఈ పాఠం సగం తెలిసినట్టే.

7.1 లాల్ దర్వాజ నుంచి శంషాబాద్ దాకా

ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. ఇల్లు హైదరాబాద్ పాతబస్తీలో, లాల్ దర్వాజ దగ్గర. కొడుకు జర్మనీలో ఉద్యోగి. సెలవు మీద వచ్చి తిరిగి వెళుతున్నాడు. అతనికి కంపెనీ బిజినెస్ క్లాస్ టికెట్టు కొన్నది. ఈసారి తల్లిని కూడా మూడు నెలల కోసం వెంట తీసుకువెళుతున్నాడు. ఆమె టికెట్టు అతను సొంత డబ్బుతో కొన్నాడు కాబట్టి అది ఎకానమీ. ఇద్దరిదీ ఒకే విమానం. అది అర్ధరాత్రి దాటాక బయలుదేరుతుంది.

ఇక సాగనంపేవాళ్ళు. మేనమామ, పిన్ని, చెల్లెలు, బావ, వాళ్ళ పిల్లలు, పక్కింటి పెద్దాయన. మూడు బండ్లు ఫలక్‌నుమా మీదుగా ఆరాంఘర్ చేరి, అక్కడినుంచి శంషాబాద్ దారి పడతాయి. పాతబస్తీలో ఏ మతంవారి ఇంటినుంచి మనిషి విదేశం వెళ్ళినా ఇదే దృశ్యం. గల్ఫ్ ఉద్యోగానికి వెళ్ళినా, ఉమ్రాకు వెళ్ళినా, చదువుకు వెళ్ళినా ఒక్కరి కోసం పదిమంది కదులుతారు. ఇక్కడ ప్రయాణానికి కొలత మనిషి కాదు, ఇల్లు. ఈ మాటను గుర్తుంచుకోండి. దీనితో పని ఉంది.

2008 మార్చిలో వాణిజ్య విమానాలు బేగంపేటనుంచి శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయానికి మారాయి. అక్కడ టెర్మినల్ ద్వారం దగ్గర సి.ఐ.ఎస్.ఎఫ్. సిబ్బంది టికెట్టు, గుర్తింపు పత్రం చూస్తారు. మూడు బండ్ల బంధువర్గం అక్కడే విడిపోతుంది. కన్నీళ్ళు, జాగ్రత్తలు, పచ్చడి సీసా గురించి చివరి హెచ్చరిక అన్నీ ద్వారం బయటే జరగాలి. లౌంజ్ ఉండేది భద్రతా తనిఖీ అవతల. అక్కడికి వెళ్ళాలంటే ఆ రోజు ప్రయాణించే బోర్డింగ్ పాస్ ఉండాలి. అందువల్ల సాగనంపడానికి వచ్చినవారిని లౌంజ్‌కు తీసుకువెళ్ళడం ఏ తరగతి టికెట్టుతోనూ సాధ్యం కాదు. ఈ విషయంలో ఫస్ట్ క్లాస్ ప్రయాణికుడూ ఎకానమీ ప్రయాణికుడూ సమానమే.

ఇప్పుడు తల్లి, కొడుకు మిగిలారు. ఇమ్మిగ్రేషన్, తనిఖీ అయ్యాయి. విమానానికి ఇంకా రెండు గంటలుంది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. లౌంజ్‌లో మెత్తటి కుర్చీలు, వేడి భోజనం, శుభ్రమైన బాత్‌రూములు ఉన్నాయి. కొడుకు బోర్డింగ్ పాస్ చూపిస్తాడు. బల్ల దగ్గరి ఉద్యోగి అతన్ని లోపలికి రమ్మంటాడు. "అమ్మగారి టికెట్టుకు లౌంజ్ లేదు సర్" అంటాడు. లక్షలు పోసి కొన్న టికెట్టుకు కన్నతల్లిని రెండు గంటలు పక్కన కూర్చోబెట్టుకునే హక్కు లేదా అని కొడుకు అడుగుతాడు. అడగవలసిన ప్రశ్నే. దానికి సమాధానం మర్యాదలలో దొరకదు, లెక్కలలో దొరుకుతుంది.

7.2 హక్కు టికెట్టుదా, మనిషిదా?

లౌంజ్ ప్రవేశం మూడు దారులలో వస్తుంది. మొదటిది ప్రయాణ తరగతి: బిజినెస్ లేదా ఫస్ట్ క్లాస్ టికెట్టు. రెండవది స్థాయి: ఒకే సంస్థలో లేదా ఒకే కూటమిలో తరచుగా ప్రయాణించి సంపాదించుకున్న సభ్యత్వం. మూడవది చెల్లింపు: నేరుగా రుసుము కట్టడం, లేదా బ్యాంకు కార్డు ద్వారా, సభ్యత్వ పథకాల ద్వారా వెళ్ళడం. అలాంటి పథకాలలో పేరున్న ప్రయారిటీ పాస్ 1992లో మొదలైంది.

అతిథి హక్కు ఈ మూడింటికీ ఒకేలా అంటుకోదు. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. స్టార్ అలయన్స్ కూటమి నియమాలు చూడండి. ఎయిర్ ఇండియా 2014 జులైలో ఇందులో చేరింది. లుఫ్తాన్సా, సింగపూర్ ఎయిర్‌లైన్స్ కూడా ఇందులోనివే. ఈ కూటమిలో ఫస్ట్ క్లాస్ ప్రయాణికుడు ఒక అతిథిని తీసుకురావచ్చు. గోల్డ్ స్థాయి సభ్యుడు ఒక అతిథిని తీసుకురావచ్చు. బిజినెస్ క్లాస్ టికెట్టు మాత్రమే ఉన్నవారికి అతిథి హక్కు లేదు. వచ్చే అతిథి కూడా అదే రోజు, అదే విమానాశ్రయం నుంచి, కూటమి సంస్థ విమానంలోనే ప్రయాణిస్తూ ఉండాలి. ఖతార్ ఎయిర్‌వేస్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఉన్న వన్‌వరల్డ్ కూటమిలోనూ ఫస్ట్ క్లాస్‌కు ఒక అతిథి, బిజినెస్ క్లాస్‌కు ఎవరూ లేరు.

దీనినుంచి ఒక విచిత్రమైన ఫలితం వస్తుంది. మన ఉదాహరణలోని కొడుకు స్టార్ అలయన్స్ విమానంలో ఎకానమీలోనే వెళుతూ, చేతిలో గోల్డ్ సభ్యత్వం ఉంటే, తల్లిని లౌంజ్‌లోకి తీసుకువెళ్ళగలడు. బిజినెస్ టికెట్టు ఉండి గోల్డ్ లేకపోతే తీసుకువెళ్ళలేడు. ఖరీదైన టికెట్టుకు లేని హక్కు చవక టికెట్టు మీద వెళ్ళే మనిషికి ఉంది.

ఎందుకిలా? తరచుగా ప్రయాణించేవారు చాలావరకు ఉద్యోగం మీద ఒంటరిగా తిరిగేవారు. వారికి "ఒక అతిథిని తీసుకురండి" అని మాట ఇవ్వడం సంస్థకు పెద్ద భారం కాదు. ఆ హక్కు వాడుకునే రోజులు తక్కువ. అయినా ఆ మాట విన్న సభ్యుడు సంతోషిస్తాడు, వేరే సంస్థకు పోడు. ఫస్ట్ క్లాస్‌లో సీట్లే కొద్ది, అతిథులూ కొద్దిమందే. బిజినెస్ క్లాస్ అలా కాదు. ఒక పెద్ద విమానంలో పదుల సంఖ్యలో ఉంటాయి ఆ సీట్లు. ప్రతి ఒక్కరూ ఒకరిని వెంట తెస్తే లౌంజ్ రెట్టింపు నిండుతుంది. పైగా ఒక టికెట్టుతో ఇద్దరికీ లౌంజ్ దొరికితే, రెండో బిజినెస్ టికెట్టు కొనే కారణాలలో ఒకటి తగ్గిపోతుంది. అమ్మేవాడి వైపునుంచి చూస్తే నియమం అర్థం అవుతుంది. తల్లి వైపునుంచి చూస్తే అర్థం కావడం కష్టమే.

7.3 ప్లేటు లెక్క

లౌంజ్ ఎవరిది అన్నది మరో ప్రశ్న. విమాన సంస్థ తన ప్రధాన కేంద్రంలో సొంత లౌంజ్ నడుపుతుంది. దుబాయ్‌లో ఎమిరేట్స్‌కు, దోహాలో ఖతార్ ఎయిర్‌వేస్‌కు అలాంటివి ఉన్నాయి. కానీ శంషాబాద్ వంటి చోట, రోజుకు కొద్ది విమానాలే నడిపే విదేశీ సంస్థ సొంత గది కట్టుకోదు. అక్కడ లౌంజ్ నడిపే వేరే సంస్థతో ఒప్పందం చేసుకుంటుంది. తన ప్రయాణికులు ఎంతమంది వస్తే అంతమందికి తలకు ఇంత అని చెల్లిస్తుంది.

పాతబస్తీలోని ఏ ఫంక్షన్ హాల్‌లోనైనా పెళ్ళి జరిపించినవారికి ఇది కొత్త కాదు. ఇంటి పెరట్లో మనమే వండించి వడ్డిస్తే, చెప్పకుండా వచ్చిన నలుగురికి మరో గిన్నె బియ్యం వేస్తే సరిపోతుంది. కేటరింగ్‌వారికి అప్పగిస్తే ప్లేటు లెక్క. అనుకోకుండా వచ్చిన ప్రతి చుట్టం బిల్లులో ఒక అంకె అవుతాడు. ఆతిథ్యం రెండు చోట్లా ఒకటే, పెట్టే మనసూ ఒకటే. కానీ అదనంగా ఒక మనిషి వచ్చినప్పుడు పెరిగే ఖర్చు వేరు. ఆ పెరుగుదలనే ఉపాంత వ్యయం అంటారు.

సొంత లౌంజ్‌లో గది సగం ఖాళీగా ఉన్నప్పుడు ఒక అతిథి ఉపాంత వ్యయం ఒక కప్పు టీ, ఒక పళ్ళెం భోజనం. ఒప్పందపు లౌంజ్‌లో గది పూర్తిగా ఖాళీగా ఉన్నా ఆ అతిథికి పూర్తి బిల్లు పడుతుంది. అందుకే కూటమి నియమాలు కూడా ఒప్పందపు లౌంజ్‌ల దగ్గర మారవచ్చు. కొడుకు ఎంత మర్యాదగా బతిమాలినా బల్ల దగ్గరి ఉద్యోగి ఒప్పుకోలేకపోవడానికి కారణం కూడా ఇదే. అతను విమాన సంస్థ మనిషి కాదు. ఎవరి ఖాతాలో రాయాలో తెలియని ప్లేటును అతను వడ్డించలేడు. కోపం అతనిమీద చూపించడం అన్యాయం.

7.4 రద్దీ ఎప్పుడు మొదలవుతుంది?

జేమ్స్ బుకానన్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1965లో క్లబ్‌ల ఆర్థిక సిద్ధాంతం మీద ఒక వ్యాసం ప్రచురించాడు. 1986లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ పురస్కారం వచ్చింది. ఆయన వేసుకున్న ప్రశ్న తేలికైనదే: ఈత కొలను వంటి వసతిని కొందరు కలిసి పంచుకుంటే, ఎంతమంది సభ్యులుండాలి? మనిషి పెరిగేకొద్దీ ఒక్కొక్కరి మీద పడే ఖర్చు తగ్గుతుంది. ఒక దశ దాటాక నీళ్ళలో చేతులాడించే చోటు ఉండదు. తగ్గే ఖర్చు వల్ల వచ్చే లాభం, పెరిగే రద్దీ వల్ల కలిగే నష్టం సమానమైన చోట తలుపు మూయాలి. క్లబ్ వస్తువుకు రెండు లక్షణాలు: కావాలంటే బయటివారిని ఆపవచ్చు, లోపలివారు ఒకరికొకరు అడ్డు రానంతవరకు పంచుకోవచ్చు.

లౌంజ్ చరిత్రలో ఈ తలుపు చాలాసార్లు స్థానం మార్చుకుంది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1939లో న్యూయార్క్‌లోని లాగార్డియా విమానాశ్రయంలో అడ్మిరల్స్ క్లబ్ తెరిచినప్పుడు ప్రవేశం ఆహ్వానం మీదే. చౌమహల్లాలోని ఖిల్వత్‌లో దర్బారు జరిగిన రోజుల్లాగా, పిలుపు ఉన్నవాడే లోపలికి వెళ్ళేవాడు. తరువాత డబ్బు కట్టిన సభ్యులు వచ్చారు. ఆ తరువాత బ్యాంకు కార్డులు వచ్చాయి. మన దేశంలో సాధారణ డెబిట్ కార్డుతో నామమాత్రపు రుసుముకే లౌంజ్ దొరికే దశ వచ్చింది. ఫలితం మీరు ఊహించగలరు: విశ్రాంతి గది ముందు వరుస. 2023-24 ప్రాంతంలో పలు బ్యాంకులు, గత మూడు నెలల్లో ఇంత ఖర్చు చేస్తేనే ఉచిత ప్రవేశం అని షరతులు పెట్టాయి. బుకానన్ చెప్పిన తలుపును మళ్ళీ కొంత ముందుకు జరిపాయి.

తలుపు మూయడం ఒక్కటే దారి కాదు, ధర పెట్టడం మరొక దారి. దీనికి రైల్వే ప్లాట్‌ఫారం టికెట్టు చక్కని ఉదాహరణ. కాచిగూడ స్టేషన్‌లో మీ చుట్టాన్ని రైలెక్కించాలంటే చిన్న రుసుము కట్టి రెండు గంటలు లోపల ఉండవచ్చు. సాగనంపేవారిని రైల్వే ఒక వర్గంగా గుర్తించింది, వారికి ఒక ధర పెట్టింది. పండుగ రద్దీలో కొన్ని స్టేషన్లలో ఆ ధర పెంచుతుంది కూడా. ఇంటినే కొలతగా తీసుకునే ప్రయాణానికి చోటిచ్చిన ఏర్పాటు ఇది. లౌంజ్ నియమం మాత్రం చేతిసంచితో ఒంటరిగా తిరిగే ఉద్యోగిని మనసులో పెట్టుకుని రాసినది. నా ఉద్దేశంలో మన కొడుకుకు కలిగిన బాధకు మూలం ఈ కొలతల తేడాయే. ఎవరూ అతని తల్లిని అవమానించలేదు.

7.5 ఆ కుటుంబం ఏమి చేయగలదు?

చాలా ఒప్పందపు లౌంజ్‌లు రుసుము తీసుకుని ఎవరినైనా, చోటు ఉంటే, రానిస్తాయి. ప్రయాణ తరగతితో పని లేదు. తల్లి కోసం ఆ రుసుము కట్టడం అన్నింటికన్నా సులువు. కొన్ని క్రెడిట్ కార్డులు ఏడాదికి కొన్ని అతిథి ప్రవేశాలు ఇస్తాయి. ఉచితమా, రుసుము తరువాత బిల్లులో పడుతుందా అన్నది ముందే చదువుకోవాలి. "అతిథికి అనుమతి ఉంది" అనే వాక్యానికి "అతిథికి ఉచితం" అని అర్థం కాదు. చంటిబిడ్డలను చాలాచోట్ల లెక్కలో వేయరు, కానీ వయసు హద్దు లౌంజ్‌ను బట్టి మారుతుంది. అడిగేటప్పుడు విమాన సంస్థను "మీ లౌంజ్ నియమం ఏమిటి" అని అడిగితే సొంత లౌంజ్ గురించి చెబుతారు. "హైదరాబాద్ నుంచి బయలుదేరేటప్పుడు" అని చేర్చి అడగాలి.

బోర్డింగ్ పాస్‌లు మార్చుకోవడం కుదరదు. దాని మీద పేరు ఉంటుంది. సాగనంపడం కోసమే టికెట్టు కొని లోపలికి వెళ్ళి, తరువాత రద్దు చేసుకోవచ్చు కదా అనే ఆలోచన కొందరికి వస్తుంది. అది మానుకోండి. సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయంలో 2019లో భార్యను గేటు దాకా సాగనంపడానికి ఇలా చేసిన వ్యక్తిని పోలీసులు అరెస్టు చేశారు. ప్రయాణించే ఉద్దేశం లేకుండా బోర్డింగ్ పాస్ వాడితే అక్కడి చట్టం 20,000 సింగపూర్ డాలర్ల వరకు జరిమానా, లేదా రెండేళ్ళ వరకు జైలు విధిస్తుంది. మన విమానాశ్రయాలలోనూ రద్దయిన టికెట్టు చూపి లోపలికి వెళ్ళినవారు పోలీసు కేసులలో చిక్కుకున్నారు.

మరొక దారి ఉంది. రుసుము కట్టే చోటు లేకపోతే, కొడుకు లౌంజ్ వదిలేసి తల్లితో పాటు గేటు దగ్గర కూర్చోవచ్చు. అప్పుడు విమాన సంస్థకు ఒక ప్లేటు మిగులుతుంది. అతను వదులుకున్నదానికి కూడా ఆర్థికశాస్త్రంలో పేరుంది: అవకాశ వ్యయం. దాని విలువను కట్టగలిగేది అతనొక్కడే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. బిజినెస్ టికెట్టు తల్లికి, ఎకానమీ టికెట్టు కొడుకుకు ఉంటే 7.2లోని నియమాల ప్రకారం ఎవరు లోపలికి వెళతారు? కొడుకుకు గోల్డ్ సభ్యత్వం ఉంటే సమాధానం మారుతుందా?

2. సొంత లౌంజ్‌లో, ఒప్పందపు లౌంజ్‌లో అదనపు అతిథి ఉపాంత వ్యయం ఎలా వేరవుతుంది? మీకు తెలిసిన పెళ్ళి భోజనాల ఉదాహరణతో రాయండి.

3. శంషాబాద్ టెర్మినల్‌లో సాగనంపేవారికి ప్లాట్‌ఫారం టికెట్టు వంటి ఏర్పాటు పెడితే ఎంత ధర పెట్టాలి, రోజులో ఏ వేళల్లో పెంచాలి? రద్దీని దృష్టిలో ఉంచుకుని పది వాక్యాలలో చర్చించండి.