కాలివేళ్ళ సందు జాగ్రత్త!

ఊడ్పుల రోజులు వచ్చాయంటే ముమ్మిడివరం చుట్టుపట్ల ఇళ్ళలో సాయంత్రం పూట వినబడే మాట ఒకటే: "వేళ్ళ సందులు నాని ఒరిసిపోయాయి." పొద్దువాలే వరకు బురదలో నిలిచి నాట్లు వేసే మన అక్కచెల్లెళ్ళకు, రొయ్యల చెరువుల్లో దిగే కుర్రవాళ్ళకు, 2022 జూలైలో వచ్చినటువంటి వరదల్లో రోజుల తరబడి నీళ్ళలోనే తిరిగే లంక గ్రామాల వారికి ఇది కొత్త కాదు. చర్మం తెల్లబడి పొర ఊడుతుంది. దురద, మంట, వాసన. తరచుగా చిటికెన వేలి ప్రక్క సందులోనే మొదలవుతుంది.

బురద తినేసింది అంటాము. బురద చేసేది చర్మాన్ని నానబెట్టడమే. తరువాతి పని ఫంగస్ అనే బూజు జాతి క్రిమిది. ఒంటిపై తామర తెచ్చేది కూడా ఈ జాతే. అందుకే కాళ్ళు తుడిచిన తువ్వాలుతోనే అది గజ్జలకు ఎక్కుతుంది.

ఇంత చిన్నదానికి ఆసుపత్రి ఎందుకని మనవారు ఊరుకుంటారు. బోదకాలు ఉన్నవారు, షుగరు ఉన్నవారు అలా ఊరుకోరాదు. బోదకాలు దోమకాటు వల్ల వచ్చినా, కాలు ఏటేటా లావెక్కడానికి ఈ చిట్లిన సందే చాలాసార్లు కారణము. చీము పుట్టించే క్రిములు అందులోగుండా లోపలికి పోతాయి. చలిజ్వరం వచ్చి, గజ్జలో బిళ్ళ కట్టి, కాలు ఎర్రబడుతుంది. అలా వచ్చిపోయిన ప్రతిసారీ కొంత వాపు మిగిలిపోతుంది. ప్రభుత్వం వారు పంచే డి.ఇ.సి. మాత్రలు ఫైలేరియా పురుగుకే గాని వేళ్ళ సందుకు కాదు.

మన ఇళ్ళలో కాళ్ళు కడుగుతాము, తుడవము! సబ్బుతో కడిగాక పొడి నూలుగుడ్డతో సందు సందునా అద్దాలి. అక్కడ కొబ్బరినూనె పెట్టవద్దు. క్లోట్రిమజోల్ 1 శాతం పూతమందు రోజుకు రెండుసార్లు రాసి, తగ్గినట్టు కనిపించాక కూడా మరో రెండు వారాలు కొనసాగించాలి. నాలుగు రోజులకే ట్యూబు గూట్లో పెట్టేస్తారు గనుకనే ఇది మళ్ళీ మళ్ళీ వస్తుంది. చౌకైన విట్‌ఫీల్డ్ మలాము ఎండి పొట్టు రాలే చర్మానికి మంచిదే గాని, పచ్చిపుండు మీద భగ్గుమంటుంది.

షాపులో "దురద ట్యూబు" అని మాత్రం అడగకండి. బీటామెథాసోన్, క్లోబెటసాల్ వంటి స్టిరాయిడ్ కలిసిన మందు రెండు రోజుల్లో దురద ఆపుతుంది. ఫంగస్ మాత్రం అడుగున ప్రాకిపోతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టిరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదన్నది. చదువుకున్న పిల్లలచేత ట్యూబుపై పేరు చదివించండి.

చెరువు పనికి రబ్బరు బూట్లు వేసేవారు సాయంత్రం వాటిని బోర్లించి ఆరనివ్వాలి. లోపల నీరు నిలిచే బూటు కంటె ఉత్త కాలే నయం. చీము, జ్వరం కనబడిన రోజునే ఆసుపత్రికి వెళ్ళండి. గోళ్ళు పసుపుబారి దళసరెక్కితే ట్యూబు చాలదు. డాక్టరు చెప్పిన మాత్రలు నెలల తరబడి వాడవలసి ఉంటుంది.