కుడితి తొట్టిలో ఎడారి

మా పెరట్లో ఒక రాతి తొట్టి ఉంది. మా అత్తగారి హయాంలో గేదెలు కుడితి తాగిన తొట్టి అది. గేదెలు పోయి చాలా ఏళ్ళయినా, తొట్టిని మాత్రం ఎవరూ కదపలేక అక్కడే ఉంచేశారు. అందులో కాక్టస్ మొక్కలు పెంచుతానన్నాను. "పాడి నిలిచిన చోట ముళ్ళు పెడతావటమ్మా?" అని ఆవిడ నొచ్చుకున్నారు. అయినా పెట్టాను. తొలి వానాకాలంలోనే మూడు మొక్కలు మొదలంటా కుళ్ళిపోయాయి. తప్పు ముళ్ళది కాదు, నాది. తొట్టికి అడుగున చిల్లి లేదు! కుడితి కారకుండా చేసిన తొట్టి వాననీటిని మాత్రం ఎందుకు వదులుతుంది?

కాక్టస్‌కు ఎండకన్నా, చలికన్నా పెద్ద శత్రువు వేళ్ళ దగ్గర నిలిచే తడి. కెనడాలోని దక్షిణ ఒంటారియోలో మంచు కింద చలికాలం గడిపే నాగజెముడు జాతి ఉంది. చలి ముదిరేలోగా అది తనలోని నీరు చాలావరకు వదులుకుని, ముడతలు పడి, నేలకు వాలిపోతుంది. నీరు తగ్గింది గనుక గడ్డకట్టి చెడే భయమూ తగ్గుతుంది. వసంతంలో మళ్ళీ లేస్తుంది. ఇంగ్లండులో ఇటువంటివాటిని పాత రాతి తొట్లలో ఆరుబయటే పెంచేవారున్నారు. చలికాలంలో వారు పైన అద్దం కప్పేది ముఖ్యంగా వాన పడకుండానే. మనకు ఆ బెడద తొలకరి నుంచి కార్తీకం దాకా అన్నమాట.

మన గట్లమీది జెముళ్ళన్నీ కాక్టస్‌లు కావు. గిల్లితే పాలు కారే బొంతజెముడు, ఆకుజెముడు వేరే కుటుంబానివి. ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం. నాగజెముడు నిజమైన కాక్టసే గాని, అమెరికా నుంచి వచ్చింది. అది పొలాలను ఆక్రమించుకుంటే, 1926లో సింహళం నుంచి ఒక పురుగును తెప్పించి దక్షిణదేశంలో దాన్ని అణచవలసి వచ్చింది. కనుక దాని ముక్కలను దిబ్బమీద పారేయకండి, పడినచోటే వేళ్ళు తొడుగుతాయి.

ఇక తొట్టి సంగతి. అడుగున జానెడుకొక చిల్లి చొప్పున, బొటనవేలు పట్టేటంత, రాతిపని తెలిసినవారిచేత వేయించండి. తొట్టిని ఇటుకల మీదికి ఎత్తించండి. చిల్లులపై కుండపెంకులు బోర్లించి, రెండంగుళాల మందాన ఇటుకముక్కలు పరవండి. ఆపైన ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన ఆకు ఎరువు, రెండు పాళ్ళు ముతక ఏటి ఇసుక కలిపి పోయండి. సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది, వద్దు. తడిపిన మట్టిని పిడికిట నొక్కి వదిలితే పొడిపొడిగా విడిపోవాలి. ఉండకడితే ఇంకా ఇసుక కలపాలి.

నిలువుగా పెరిగే సెరియస్ వెనక, గుండ్రని ఎకినాప్సిస్, మామిల్లేరియా ముందు నాటితే అందం. వార్తాపత్రికను పట్టీలా మడిచి మొక్క నడుముకు చుట్టి పట్టుకుంటే వేళ్ళకు ముళ్ళు గుచ్చుకోవు. మొదళ్ళ చుట్టూ గులకరాళ్ళు పేర్చండి. కొమ్మను కోసి నాటేటట్లయితే, వారం పదిరోజులు నీడలో ఉంచి కోత ఆరనివ్వాలి. నర్సరీ నీడలో పెరిగినవాటికి రెండు మూడు వారాలు ఉదయపు ఎండే చూపండి. ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నపు ఎండలో పెడితే పడే మచ్చలు మళ్ళీ పోవు.

వేసవిలో మట్టి పూర్తిగా ఎండాకనే నీళ్ళు పోయాలి. చలికాలంలో నెలకొకసారి చాలు. వానల్లో నాలుగు వెదురు కర్రలు పాతి, పైన పాలిథీన్ గుడ్డ ఏటవాలుగా కట్టండి. ప్రక్కలు మాత్రం మూయకండి, గాలి ఆడాలి.

నిరుడు వేసవిలో మా ఎకినాప్సిస్ మొగ్గ తొడిగింది. దీపాలు పెట్టే వేళకు విచ్చడం మొదలుపెట్టి, రాత్రికి తెల్లని పెద్ద పువ్వయింది. మర్నాటి ఎండకు వాడిపోతుందని చెప్పగానే, అత్తగారు మంచం పెరట్లో వేయించుకున్నారు. చాలాసేపు చూసి, "గేదెలకైతే రెండు పూటలా కుడితి పెట్టాలి, ఇవి నయమే" అన్నారు.

ఇప్పుడు మబ్బు పట్టిందంటే, గుడ్డ కట్టమని ముందుగా కేకవేసేది ఆవిడే.