అమ్మమ్మ మల్లె వయసెంత?

మా బాల్కనీలో బొండుమల్లె పొద ఉంది. ఆరేళ్ల కిందట వానాకాలంలో అమ్మమ్మ పెరట్లోంచి పెన్సిలంత లావు కొమ్మ తెచ్చి కుండీలో గుచ్చాను. చూసినవాళ్లు "అమ్మమ్మ మల్లెకి పిల్ల మొక్కన్నమాట" అంటారు. వృక్షశాస్త్రం ఆ మాట ఒప్పుకోదు. ఇది పిల్ల కాదు, ఆ మల్లే.

గింజ మొలిస్తే అది పిల్ల. దాని జన్యువుల్లో సగం పుప్పొడివి, సగం అండానివి. బంగినపల్లి టెంక పాతితే అదే రుచి వస్తుందన్న నమ్మకం లేనిది అందుకే. అంటు కట్టేదీ అందుకే. కొమ్మ నాటినప్పుడు ఈ కలయిక ఉండదు. పాత కణాలే రెండై, నాలుగై పెరుగుతాయి.

మరి కోసిన కొమ్మకు వేళ్లెలా వస్తాయి? చిగుళ్లలో, లేత ఆకుల్లో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కొన నుంచి మొదలు వైపు దిగుతుంది. 1920ల్లో వృక్షశాస్త్రవేత్త ఫ్రిట్స్ వెంట్ ఓట్స్ మొలకల మీద ప్రయోగాలు చేసి దీన్ని పట్టుకున్నాడు. కత్తి పడ్డచోట దారి తెగి ఆక్సిన్ పోగవుతుంది. అప్పుడు నాళాల పక్కనున్న కణాలు పాత పని మానేసి, మళ్లీ విభజన మొదలుపెట్టి వేరు మొనలవుతాయి. కొమ్మను తలకిందులుగా గుచ్చితే సాధారణంగా బతకదు. మట్టిలో కొన ఉన్నా, ఆక్సిన్ పాత మొదలు వైపే పోతుంది.

"కణుపు కింద కోయి, కింది ఆకులు దూసెయ్యి, నీడన పెట్టు" అనేది అమ్మమ్మ. వేళ్లు లేని కొమ్మ నీళ్లు సరిగా తాగలేదు; ఆకులెక్కువుంటే ఉన్న తడి ఆవిరైపోతుంది. మునగ కొమ్మ నాటి కొన మీద పేడ ముద్ద పెట్టడమూ తడి ఆరకుండానే.

అసలు కొన్ని మొక్కలకు కొమ్మే దిక్కు. బొండుమల్లె లాంటి ముద్దపూలలో కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోతాయి. బొండుమల్లె కాయ కట్టడం బహు అరుదు. ఢిల్లీ కనకాంబరానిది ఇంకో తంటా: రెండుండాల్సిన క్రోమోజోముల వరసలు మూడున్నాయి, గింజ పట్టదు. పక్షీ గాలీ మోసుకెళ్లడానికి ఏమీ లేని ఈ మొక్కలు ఊరు దాటాలంటే ఎవరో ఒకరు కొమ్మ తుంచి ఇంకొకరి చేతిలో పెట్టాలి.

ఆ పంపకమే బీమా కూడా. బుద్ధగయ రావి కొమ్మను క్రీ.పూ. 3వ శతాబ్దంలో భిక్షుణి సంఘమిత్ర సింహళానికి తీసుకెళ్లిందని బౌద్ధ సంప్రదాయం. బుద్ధగయలోని పాత చెట్టు 1876లో గాలివానకు కూలింది. సింహళంలో అనూరాధపురాన నాటిన ఆ కొమ్మ నేటికీ చిగురిస్తోంది.

మా మల్లె వయసు ఆరేళ్లని చెప్పలేను. అమ్మమ్మకు ఆ కొమ్మ వాళ్ల పిన్ని ఇచ్చిందట. పిన్నికెవరిచ్చారో అడిగి ఉండాల్సింది. ఊళ్లో ఆ పెరడిప్పుడు సిమెంటు గచ్చు. ఈ వానలకు పై అంతస్తు పిన్నిగారికి రెండు కొమ్మలు కోసిచ్చాను, కణుపు కిందే.