జంటగానం: రెండో గొంతు నేర్చుకోవడం ఎలా?



ఇద్దరు కలిసి పాడాలంటే గొంతులు ఒకేలా ఉండాలని చాలామంది అనుకుంటారు. శ్రుతి ఎత్తు కలవని పిల్లలు బృందగానంలో వెనక్కి తగ్గుతారు. నిజానికి ఆ తేడాయే ఒక గానపద్ధతికి ఆధారం.

కర్ణాటక జంట కచేరీల్లో ఇద్దరూ సాధారణంగా ఒకే స్వరం పాడతారు. స్థాయి మారవచ్చు, స్వరం మారదు. అమెరికన్ జంట పాల్ సైమన్, ఆర్ట్ గార్‌ఫంకెల్ పద్ధతి వేరు. ఒకరు పాట పాడుతుంటే, మరొకరు అవే మాటలను అదే సమయంలో వేరే స్వరాలపై పాడతారు. దీన్నే హార్మొనీ అంటారు. న్యూయార్క్‌లో బడి స్నేహితులైన వీరికి ఎవర్లీ సోదరులు డాన్, ఫిల్‌ల పాటలే ఆదర్శం. 1957లో బడిలో ఉండగానే వీరు తొలి రికార్డు ఇచ్చారు.

రెండో స్వరం ఎక్కడ ఉండాలి? శంకరాభరణం, అంటే హిందూస్తానీలో బిలావల్ థాట్, తీసుకోండి. పాట ‘స’ మీద ఉంటే తోడు గొంతు ‘గ’ మీద, ‘రి’కి ‘మ’, ‘గ’కు ‘ప’. నడుమ ఒక స్వరం వదలాలి, అంతే.

ఇక్కడే పొరపాటు జరుగుతుంది. బిలాస్‌పూర్ 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం. రైల్వే కాలనీల తెలుగు పిల్లలు రోజూ చూసేది పట్టాలనే. బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం ఎంత దూరం వెళ్లినా 1,676 మిల్లీమీటర్లే. రెండు గొంతుల మధ్య దూరం అలా కాదు. హార్మోనియంపై తెల్ల, నల్ల మెట్లు కలిపి లెక్కిస్తే ‘స’ నుంచి ‘గ’కు 4 మెట్లు, ‘రి’ నుంచి ‘మ’కు 3 మెట్లు. అంతటా 4 మెట్లే పాటిస్తే తోడు గొంతు రాగం తప్పుతుంది. దూరాన్ని కాదు, రాగాన్ని పట్టుకోవాలి.

గొంతులు కలిశాయని ఎలా తెలుస్తుంది? ‘స’ 240 హెర్ట్జ్ అయితే, శుద్ధంగా కలిసే ‘గ’ 300 హెర్ట్జ్. ‘స’కు 5 రెట్లు, ‘గ’కు 4 రెట్లు రెండూ 1,200. ‘గ’ 301 అయితే 1,200, 1,204 ఢీకొని సెకనుకు 4 సార్లు ధ్వని వణుకుతుంది. నేటి హార్మోనియంలో ఈ ‘గ’ సుమారు 302 ఉంటుంది. కనుక స్వరం వెతకడానికి హార్మోనియం, కలపడానికి తంబురా వాడండి.

అభ్యాసం:

1. తంబురా శ్రుతిలో ఇద్దరూ ఒకే ‘స’ను వణుకు పోయేవరకు నిలపండి.

2. ఒకరు ‘స’లో ఉండగా మరొకరు ‘గ’ను నిలపండి. గమకం వద్దు, స్వరం ఊగితే కలయిక తెలియదు.

3. ఒకరు ‘స రి గ మ ప’, మరొకరు ‘గ మ ప ద ని’ విలంబంలో పాడండి. పాట ‘ప’ మీద ఆగినచోట ‘ని’ కటువుగా వినిపిస్తే పై ‘స’ ప్రయత్నించండి.

4. తోడు గొంతువారు తమ వరుసను ఒంటరిగా పాడి ఫోన్‌లో రికార్డు చేయండి. అది దానంతటది ఒక పాటలా నిలవాలి. అలా నిలవని గొంతును పక్కవారి పాట లాగేసుకుంటుంది.

5. ఊపిరి, మాట ముగింపు ఇద్దరికీ ఒకేసారి రావాలి. తర్వాత వరుసలు మార్చుకోండి.

రోజుకు పావుగంట చాలు. గట్టిగా పాడటం కంటే పక్కవారిని వింటూ పాడటం ఇక్కడ ముఖ్యం.