డయాలసిస్ చేయించుకునేవారు కొండల మీదికి యాత్రకు వెళ్లొచ్చా?

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ లబ్ధిదారులకు సూచనలు

మన భావనపాడు సముద్రం ఒడ్డున ఉంది. ఇక్కడి నుంచి టెక్కలికో, పలాసకో వెళ్లి డయాలసిస్ చేయించుకునేవారు తిరుమల, కేదార్‌నాథ్ వెళ్లొచ్చా అని అడుగుతుంటారు. జవాబు కొండ ఎత్తును బట్టి ఉంటుంది.

రక్తంలో ఆమ్లం ఎందుకు పెరుగుతుంది?

మనం తిన్న తిండి నుంచి రోజూ కొంత ఆమ్లం తయారవుతుంది. బాగున్న కిడ్నీలు దాన్ని మూత్రంలో పంపేస్తాయి. కిడ్నీలు పాడైతే అది రక్తంలోనే ఉండిపోతుంది. డయాలసిస్ మెషిన్ బైకార్బొనేట్ అనే క్షారాన్ని రక్తానికి ఇచ్చి ఆమ్లాన్ని సరిచేస్తుంది. ఒక్క డయాలసిస్ మానేసినా ఆమ్లం, నీరు, పొటాషియం మళ్లీ పెరుగుతాయి. రిపోర్టులో డయాలసిస్‌కి ముందు బైకార్బొనేట్ 22 కన్నా తగ్గితే డాక్టరుకి చూపించండి.

ఎత్తుకు వెళ్తే ఏమవుతుంది?

ఎత్తులో గాలి పలచన. ఆక్సిజన్ చాలక ఊపిరి వేగంగా తీస్తాం. దాంతో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి, రక్తం క్షారం వైపు మొగ్గుతుంది. కిడ్నీలు బాగున్నవారిలో అవి కొద్ది రోజుల్లో అదనపు బైకార్బొనేట్‌ను వదిలి సర్దుకుంటాయి. మీ కిడ్నీలు ఆ పని చేయలేవు. వేళ్లు తిమ్మిరెక్కడం, కండరాలు పట్టేయడం, తల తిరగడం కనిపించొచ్చు.

ఎంత ఎత్తు?

తిరుమల, అరకు సుమారు 850 నుంచి 900 మీటర్లు. అక్కడ ఎత్తుతో పెద్ద ఇబ్బంది ఉండదు. డయాలసిస్ రోజు తప్పిపోకపోవడమే ముఖ్యం. కేదార్‌నాథ్, లేహ్ సుమారు 3,500 మీటర్లు. 2,500 మీటర్లు దాటే చోటికి డాక్టరు ఒప్పుకుంటేనే వెళ్లండి.

బయలుదేరే ముందు

• వెళ్లే చోట డయాలసిస్ ఎప్పుడు, ఎక్కడో ముందే ఖాయం చేసుకోండి. మన రాష్ట్రంలోనైతే ఆసుపత్రిలోని వైద్య మిత్రను అడగండి.
• చివరి రిపోర్టులు, మందుల చీటీ, కార్డు వెంట ఉంచుకోండి.
• ఆమ్లం తగ్గుతుందని తినే సోడా సొంతంగా వాడకండి. దానిలోని ఉప్పుతో ఒళ్లు వాచి, బీపీ పెరుగుతుంది.
• కూర్చున్నా ఆయాసం వస్తే, మాట తడబడితే 108కి ఫోన్ చేయండి. ఎత్తులో ఉంటే వెంటనే కిందికి దిగండి.

యాత్ర వాయిదా వేసుకోవచ్చు. డయాలసిస్ వాయిదా వేయకూడదు.