గాజు కింద లెక్క: హరితగృహ వాతావరణ నమూనా కథ

నెదర్లాండ్స్‌లో హేగ్, రోటర్‌డామ్ నగరాలకు చేరువలో సముద్రతీరాన ఉన్న వెస్ట్‌లాండ్ ప్రాంతంలో టమాటా, క్యాప్సికం వంటి పంటలు హెక్టార్ల కొద్దీ గాజు కప్పుల కింద పెరుగుతాయి. గొట్టాల్లోకి వేడినీటిని వదలడం, కప్పు కిటికీలను తెరవడం, రాత్రిపూట పరదాలను లాగడం అక్కడ కంప్యూటరు చేసే పనులే అయినా, అది రైతు నిర్దేశించిన ఉష్ణోగ్రతను, తేమను నిలబెట్టగలదే తప్ప ఆ నిర్దేశానికి ఎంత ఇంధనం ఖర్చవుతుందో ముందుగా చెప్పలేదు. ఆ సంగతి చెప్పడానికి పుట్టినదే హరితగృహ వాతావరణ నమూనా. ఇనుముతో గాక అవకలన సమీకరణాలతో, అంటే ఒక రాశి కాలంతోపాటు ఎంత వేగంగా మారుతుందో తెలిపే సమీకరణాలతో కూర్చిన యంత్రమది.

గాజు ఇల్లు ఎందుకు వేడెక్కుతుందన్న మొదటి ప్రశ్నకే చాలాకాలం తప్పు జవాబు చలామణీలో ఉండేది. ఎండను లోపలికి రానిచ్చి, లోపలి వస్తువులు వెలువరించే పరారుణ వికిరణాన్ని గాజు బయటికి పోనివ్వదు కనుకనే వేడి నిలుస్తుందని భావించేవారు. అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఆర్. డబ్ల్యు. వుడ్ 1909లో ఒక పెట్టెకు గాజు పలకను, మరొకదానికి పరారుణ వికిరణాన్ని పోనిచ్చే రాతి ఉప్పు పలకను అమర్చి, ఎండను ముందుగా మరో గాజు గుండా పంపి చూడగా, రెండు పెట్టెల ఉష్ణోగ్రతల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వేడెక్కిన గాలి పైకి లేచిపోకుండా, అంటే సంవహనం జరగకుండా కప్పు అడ్డుకోవడమే అసలు కారణమని దీనివల్ల తేలింది. నమూనాకారులు గాలి మార్పిడికి అంత ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం ఇదే.

గ్రోనింగన్‌లో 1959లో సహజవాయు నిక్షేపం బయటపడ్డాక డచ్చి రైతులకు ఇంధనం చౌకగా దొరికింది. 1973 నాటి చమురు సంక్షోభం తరువాత ఆ నిశ్చింత పోయి, ఇంధనాన్ని లెక్కగట్టడం అవసరమైంది. బుసింగర్ అనే శాస్త్రజ్ఞుడు 1963లోనే గాజు గృహపు ఉష్ణ జమాఖర్చును సమీకరణాల్లో రాసిపెట్టాడు గాని, అందులో అన్నీ సమతాస్థితిలో ఉన్నట్లు భావించాడు. వాస్తవంలో ఒక మబ్బు అడ్డువస్తే గాజు నిమిషాల్లో చల్లబడుతుంది, నేల చల్లబడడానికి ఎంతో ఎక్కువ కాలం పడుతుంది. ఈ వేర్వేరు వేగాలను కలిపి లెక్కించే చలన నమూనాను వాగెనింగెన్‌లో గెరార్డ్ బాట్ 1983 నాటి తన పరిశోధన గ్రంథంలో నిర్మించాడు.

అయినా అన్నిటికంటే మొండి భాగం గాజు కాదు, ఆకు. ఆకు తన పత్రరంధ్రాల ద్వారా నీటిని ఆవిరిగా వదిలే ప్రక్రియను బాష్పోత్సేకం అంటారు. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2.45 మెగాజౌళ్ల శక్తి కావాలి, దానినే గుప్తోష్ణం అంటారు. దట్టంగా ఎదిగిన పంట తాను గ్రహించిన ఎండలో సగానికి పైగా ఈ పనికే వెచ్చించగలదు. బయలు పొలాల కోసం పెన్మన్ 1948లో రూపొందించి, మాంటీత్ 1965లో విస్తరించిన బాష్పీభవన సూత్రాన్ని, గాలి దాదాపు కదలని గాజు కప్పు కిందికి సరిపడేలా సిసీలియా స్టాంగెల్లీని 1987లో సవరించింది. ఈ సవరణ ఎందుకు ముఖ్యమో చలికాలంలో తెలుస్తుంది. వానాకాలంలో తలుపులు మూసిన గదిలో తడిబట్టలు ఆరేసినట్లే, మూసిన గాజు గృహంలో ఆకులు వదిలిన ఆవిరి లోపలే పేరుకుపోయి, చల్లని ఆకుల మీదా కాయల మీదా నీరై, బూజు తెగులుకు చోటిస్తుంది. అందుకని రైతు బాయిలర్ మండుతుండగానే కిటికీలు కొద్దిగా తెరుస్తాడు. బయటివారికి ఇది ఉత్త దుబారాగా కనిపించినా అది తేమను వెళ్లగొట్టడానికి చెల్లించే మూల్యం. వేడి బిల్లులో గణనీయమైన భాగం చలికి కాక తేమకే పోతుందని నమూనా తేల్చి చూపింది.

ఇంకో చిక్కు కార్బన్ డయాక్సైడ్‌ది. కిరణజన్య సంయోగక్రియ చురుకుగా సాగాలంటే ఆ వాయువును అదనంగా అందించాలి. ఒక ఘనపు మీటరు సహజవాయువు మండితే సుమారు 1.8 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. దీంతో వేసవి పగటిపూట, వేడి అక్కర్లేనప్పుడు కూడా బాయిలర్ వెలిగించి, వచ్చిన వేడిని పెద్ద నీటి ట్యాంకుల్లో దాచి, రాత్రి వాడుకునే పద్ధతి ఏర్పడింది. ట్యాంకు, పరదా, బాయిలర్, పంట అన్నీ కలిసి సంవత్సరం పొడవునా ఎంత గ్యాసు తింటాయో లెక్కించే కాస్‌ప్రో నమూనాను డి జ్వార్ట్ 1996లో తన పరిశోధన గ్రంథంలో వివరించాడు. పంట క్షణక్షణపు ఉష్ణోగ్రతకంటే సగటుకే ఎక్కువగా స్పందిస్తుంది కనుక, ఎండ ఉన్నప్పుడు వేడిని పెరగనిచ్చి చలిరాత్రి తగ్గనిచ్చినా నష్టం లేదన్న సూచనకు ఇటువంటి లెక్కలు బలమిచ్చాయి. రైతులు మాత్రం దీనిని వెంటనే నమ్మలేదు, అందులో వింత కూడా లేదు: లెక్క తప్పితే పోయేది వారి పంటే.

వాంథూర్ అనే పరిశోధకుడు 2011లో రూపొందించిన నమూనాను నెదర్లాండ్స్‌తోపాటు సిసిలీ, టెక్సస్, అరిజోనాల కొలతలతో కూడా సరిచూశాడు. వేడి దేశాలకు కూడా అవే సమీకరణాలు వర్తిస్తాయన్నమాట. తెలంగాణలోని చేవెళ్ల పరిసరాల్లో ఉన్న పాలీహౌస్‌ల (ప్లాస్టిక్ కప్పు గృహాల) వంటి వాటిలో గ్యాసు పద్దు మాయమై, చల్లబరచే పద్దు ముందుకొస్తుంది. తడి ప్యాడ్‌ల గుండా ఫ్యాన్లతో గాలిని లాగే చోట నీటి గుప్తోష్ణమే చల్లదనానికి ఆధారం. కాని గాలి తడి బల్బు ఉష్ణోగ్రతను, అంటే నీరు ఆవిరి కావడం వల్ల చేరగల కనిష్ఠ ఉష్ణోగ్రతను, దాటి దిగజాలదు కనుక, మే నెల పొడిగాలిలో బాగా పనిచేసే ఆ ఏర్పాటు ఆగస్టు తేమలో కరెంటు కాల్చినంతగా ఫలితమివ్వదు.