ఒక ‘నుండి’కి మూడు మాటలు

‘వి ఆర్ హియర్ సిన్స్ ఫైవ్ యియర్స్’ – పిస్కాటవేలోని మన ఇళ్ళలో తరచు వినవచ్చే వాక్యమిది. బడికి వెళ్ళే పిల్లలు వెంటనే దిద్దుతారు. ఎందుకు తప్పో మాత్రం చెప్పలేరు.

తెలుగులో విభక్తి ప్రత్యయం నామవాచకాన్ని వెనుకనుండి అంటుకొని ఉంటుంది. ఆంగ్ల ప్రిపొజిషన్ వేరు పదమై ముందు నడుస్తుంది. ఈ స్థానభేదం మనకంత చిక్కు కాదు. మన ప్రత్యయమొకటి ఆంగ్లంలో రెండు మూడుగా చీలినచోటనే తడబాటు పుడుతుంది.

‘ఎడిసన్ నుండి వచ్చాము’ అన్నపుడు ‘ఫ్రమ్’. ‘2019 నుండి ఇక్కడ ఉన్నాము’ అన్నపుడు ‘సిన్స్’. ‘ఐదేళ్ళ నుండి ఉన్నాము’ అంటే ‘ఫర్’. మొదలైన సమయాన్ని చెబితే సిన్స్, గడచిన నిడివిని కొలిచి చెబితే ఫర్. తెలుగు ఆ రెంటినీ ‘నుండి’తోనే సరిపెట్టుకొంటుంది కనుక మనకు ఆ భేదం తోచదు. అయితే భేదం తెలుసుకొనే ఉపాయమూ తెలుగులోనే ఉన్నది. ‘నుండి’ని తీసి ‘గా’ను పెట్టి చూడండి. ‘ఐదేళ్ళుగా’ చక్కగా కుదిరింది కనుక ఫర్. ‘సోమవారంగా ఉన్నాము’ కుదరదు కనుక సిన్స్.

సిన్స్, ఫర్ తారుమారైనా వినేవారికి అర్థమవుతుంది. ‘లో’తో వచ్చే చిక్కు అంత తేలిక కాదు. వైద్యుడు ‘ఇన్ టూ వీక్స్’ మళ్ళీ రమ్మన్నాడనుకోండి. మన చెవికది ‘రెండు వారాలలో’, అనగా ఈలోగా ఎప్పుడైనా. ఆయన ఉద్దేశం రెండు వారాలు గడచిన పిమ్మట. ఈలోగా రావాలంటే ‘విదిన్’ అనేవాడు. పుస్తకాన్ని ‘ఇన్ టూ డేస్’ చదివానంటే మాత్రం అచ్చంగా మన ‘రెండు రోజులలో’నే, అందువల్లనే ఇక్కడ మోసపోతాము. ఇండియానుండి వచ్చిన అమ్మమ్మకో తాతయ్యకో వైద్యుని మాటను తెలుగులో చెప్పే పిల్లలు ‘రెండు వారాల తరువాత’ అనే చెప్పాలి.

ఇక వాహనాల సంగతి. రట్గర్స్ బస్సులోనూ, మన కారులోనూ మనం లోపలనే కూర్చుంటాము. ఆంగ్లేయానికి మాత్రం బస్సు, రైలు, విమానం ‘ఆన్’. కారు, టాక్సీ ‘ఇన్’. లోపల నిలబడి నడవగలిగిన వాహనమైతే ఆన్ అనుకొంటే చాలావరకు సరిపోతుంది. సైకిలు ఈ లెక్కకు లొంగదు. దానిపైన ఎక్కి కూర్చుంటాము కనుక అదీ ఆన్.

ఆంగ్లం మాతృభాషగా గలవారందరూ ఒకే మాట వాడతారనీ కాదు. వరుసలో నిలబడటాన్ని దేశంలో ఎక్కువచోట్ల ‘ఇన్ లైన్’ అంటే, న్యూయార్కు పరిసరాలలో పలువురు ‘ఆన్ లైన్’ అంటారు. న్యూజెర్సీవారు సముద్రతీరానికి వెళ్ళేటపుడు ‘డౌన్ ద షోర్’ అంటూ ‘టు’ను పూర్తిగా వదిలివేస్తారు. అది తప్పని దిద్దబోతే ఈసారి నవ్వేది మన పిల్లలే.